నిఖత్ అక్క పని అయిపోయిందా? మా రూములో తెగని పంచాయితీ

 

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. కంది కోతలకని తాండకు పోయినోళ్లు రాత్రి తీరిగ్గ చదవండి. హాస్టల్లో ఉన్నోళ్లు స్టడీ అవర్ అయినంక చదవండి. ఇది ఒక్కరి మాట కాదు. మా రూములో ఉండే నలుగురు ఆడపిల్లలం మాట్లాడుకున్నది, కొట్లాడుకున్నది. ఒకరు టైపు చేస్తుంటే మిగతా ముగ్గురు పక్కన కూసోని తప్పులు తీస్తున్నరు. అందుకే ‘మేము’ అని రాస్తున్నం. నలుగురికి పొత్తు కుదరని కాడ ఆ సంగతి కూడ చెప్తం.

మా హాస్టల్ వికారాబాద్‌లో. ఇండ్లు మాత్రం తాండూరు దిక్కు, ఇద్దరివి తాండూరు పక్క తాండలు, ఒకామెది బషీరాబాద్ మండలం, ఇంకొకామెది పెద్దేముల్. మా ఇండ్లల్ల డిగ్రీ కాలేజీ గడప తొక్కిన మొదటోళ్లం మేమే. బాక్సింగ్ రింగు మేము ఫోన్ల, టీవీల చూసుడే తప్ప కండ్లారా చూడలే. ఆ మాట ముందే చెప్తున్నం, ఎందుకంటే ‘మీకేం తెలుసని రాస్తున్నరు’ అని ఎవరో ఒకరు అడుగుతరు. నిజమే. కానీ ‘నిఖత్ పని అయిపోయింది’ అని స్టేటస్ పెట్టినోళ్లు కూడ రింగు ఎక్కినోళ్లు కాదు కదా.

సంగతి సెప్టెంబర్ల మొదలైంది. 2025 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్ లివర్‌పూల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 51 కేజీల విభాగంలో క్వార్టర్ ఫైనల్ దాక పోయి టర్కీ బాక్సర్ బూసెనాజ్ చాకిరోగ్లు చేతిలో 0-5తో ఓడింది. ఇంకొక్కటి గెలిస్తే పతకం ఖాయం. అదే టోర్నీల హర్యానా పిల్లలు జైస్మిన్ లాంబోరియా 57 కేజీల్లో, మీనాక్షి హుడా 48 కేజీల్లో బంగారు పతకాలు తెచ్చిన్రు. నుపుర్ షెరాన్‌కు రజతం, పూజా రాణికి కాంస్యం వచ్చినయి. నలుగురు పతకాలతో వచ్చిన్రు, రెండుసార్ల ప్రపంచ చాంపియన్ ఉత్త చేతులతో వచ్చింది. ఆ రాత్రే మా హాస్టల్ గ్రూపుల ‘ఇగ చాలక్కా, రెస్ట్ తీస్కో’ అని మెసేజ్. కింద నవ్వే బొమ్మలు. పెట్టింది మా రూమ్మేటే. పంచాయితీ అట్ల మొదలైంది.

ఆ అమ్మాయి (పేరెందుకులే, బషీరాబాద్ పిల్ల అంటం) ఊరికే నోరు పారేసుకునే రకం కాదు. బీకాం చదువుతది, లెక్కలు పక్కాగా ఉంటయి. ఆమె చెప్పిన లెక్క ఇది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారం. 2023 మార్చిలో ఢిల్లీల రెండోసారి ప్రపంచ చాంపియన్. శిఖరం అక్కడి దాకనే. ఆ తర్వాత చూడు అన్నది. 2023 చివర్ల హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సెమీస్‌ల థాయ్‌లాండ్ బాక్సర్ చుతామట్ రక్సత్ చేతిలో ఓడి కాంస్యం. 2024 ఫిబ్రవరిలో బల్గేరియా స్ట్రాండ్జా టోర్నీల ఫైనల్ ఓడి రజతం. 2024 ఆగస్టు 1న పారిస్ ఒలింపిక్స్‌ల చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5, రెండో బౌట్‌కే ఇంటికి. 2025ల లివర్‌పూల్. ‘మెట్లు దిగుతున్నట్టు కనిపిస్తలేదా మీకు? అభిమానం కండ్లకు గంతలు కడితే నేనేం చెయ్య’ అని అడిగింది. 2026 జూన్ 14కు నిఖత్‌కు 30 నిండుతయి అని కూడ గుర్తు చేసింది.

నిజం చెప్పాలంటే ఆ రాత్రి మా దగ్గర జవాబు లేకుండె. ‘మన తెలంగాణ అక్క’ అనుడు జవాబు కాదు. అందుకే కూసోని పాత మ్యాచులన్నీ వెతికినం. పరీక్షలకు కూడ ఇంత చదవలే అని మా వార్డెన్ మేడం తిట్టింది.

వెతికితే దొరికినవాటిల అన్నిటికన్న మంచిది బూసెనాజ్ కథనే. ఈ టర్కీ బాక్సర్‌తోని నిఖత్ ఆడుడు లివర్‌పూల్‌ల మొదటిసారి కాదు. 2021 మార్చిలో ఇస్తాంబుల్‌ల బాస్ఫరస్ టోర్నీ జరిగింది. అందుల నిఖత్ ఇద్దరు ప్రపంచ చాంపియన్లను ఓడగొట్టి సెమీస్‌కు పోయింది. అక్కడ బూసెనాజ్ చేతిలో 0-5. సరిగ్గ అదే స్కోరు. అప్పుడు నిఖత్‌కు 24 ఏండ్లు. ఆ ఏడాదే బూసెనాజ్ టోక్యో ఒలింపిక్స్‌ల రజతం గెలిచింది. మరి 2022 ఫిబ్రవరిలో ఏమైంది? స్ట్రాండ్జా సెమీస్‌ల మళ్లీ ఆమెనే ఎదురుపడింది. నిఖత్ 4-1తో గెలిచింది. ఫైనల్ కూడ గెలిచి బంగారం పట్టుకొచ్చింది, మూడు నెలలకు ప్రపంచ చాంపియన్ అయింది.

అంటే ఒకే మనిషి మీద 0-5, తర్వాత 4-1, తర్వాత మళ్లీ 0-5. మొదటి 0-5 నాడు ఎవ్వరూ ‘పని అయిపోయింది’ అనలే, ‘ఇంకా నేర్చుకుంటది’ అన్నరు. రెండో 0-5 నాడు ‘అయిపోయింది’ అంటున్నరు. స్కోరు మారలే. మారింది మనం చూసే వయసు కాలమ్ ఒక్కటే.

బషీరాబాద్ పిల్ల దీనికి కూడ జవాబిచ్చింది. ‘24ల 0-5 ఓడితే ముందుకు పోయే దారి ఉంటది, 29ల ఓడితే ఉండదు. అది అన్యాయం కాదు, ఒళ్లు అట్లనే పనిచేస్తది’ అన్నది. ఈ మాటల బలం ఉంది. ఒప్పుకుంటున్నం. 50, 51 కేజీల ఆటంటే మొత్తం కాళ్ల మీద, కన్ను మూసి తెరిచేంతల చెయ్యి పోయి రావుడు మీద ఆధారపడి ఉంటది. పెద్ద బరువులోళ్లు వేగం తగ్గినా ఒక్క దెబ్బ బలంతోని నెట్టుకొస్తరు. చిన్న బరువుల ఆ వెసులుబాటు లేదు. లివర్‌పూల్‌ల పూజా రాణి 34 ఏండ్లకు కాంస్యం తెచ్చింది కదా అని మేము అంటే, ‘అది 80 కేజీలు, ఒలింపిక్స్‌ల లేని బరువు’ అని నోరు మూయించింది. మేము తగ్గలే. ఫిన్లాండ్‌కు మీరా పోట్కోనెన్ అని ఒకామె ఉన్నది, 60 కేజీలు. రియోల 35 ఏండ్లకు కాంస్యం, టోక్యోల 40 ఏండ్లకు మళ్లీ కాంస్యం. అది ఒలింపిక్ బరువే. దీనికి మాత్రం జవాబు రాలే, ‘ఒక్కామెను చూపి అందరిని అట్ల అనొద్దు’ అని దుప్పటి కప్పుకుంది.

ఇక్కడ స్కోరు గురించి ఒక ముచ్చట చెప్పాలె, ఎందుకంటే మేము కూడ చానా రోజులు తప్పుగనే అనుకున్నం. 0-5 అంటే క్రికెట్‌ల పది వికెట్లతో ఓడినట్టు అనుకుంటం. అది కాదు. ఒలింపిక్ తరహా బాక్సింగ్‌ల మూడు రౌండ్లు, రౌండుకు మూడు నిమిషాలు. రింగు చుట్టూ ఐదుగురు జడ్జీలు ఉంటరు. ప్రతి రౌండ్ గెలిచినోళ్లకు 10, ఓడినోళ్లకు మామూలుగా 9 వేస్తరు. మూడు రౌండ్లు కలిపి ఒక్కొక్క జడ్జి ఎవరికి ఎక్కువ వేసిండో చూసి 5-0, 4-1, 3-2 అని చెప్తరు. అంటే ఐదుగురు జడ్జీలూ 29-28 అని వేసినా, ఐదుగురూ 30-27 అని వేసినా, పేపర్ల పడేది 5-0 అనే. 2022ల నిఖత్ ప్రపంచ చాంపియన్ అయిన ఫైనల్ కూడ థాయ్‌లాండ్ జిట్పాంగ్ జుటమస్ మీద 5-0 యే. లోపల చూస్తే ఐదుగురిల ముగ్గురు జడ్జీలు 29-28 వేసిన్రు. ఒక్క రౌండ్ అటు ఇటు అయితే కథ వేరే ఉండేది. మన గెలుపుల ఆ సంగతి మర్చిపోతం, మన ఓటమిల కూడ మర్చిపోతం.

పారిస్ సంగతి కూడ కొంచెం ఆగి చూడాలె. వూ యూ ఎవరో కాదు, 2023ల 52 కేజీల ప్రపంచ చాంపియన్. పారిస్‌ల బంగారం గెలిచింది కూడ ఆమెనే, ఫైనల్‌ల ఓడగొట్టింది మళ్లీ ఈ బూసెనాజ్‌నే. నిఖత్‌కు ఆ ఒలింపిక్స్‌ల సీడింగ్ లేదు, అందుకే మొదటి రౌండ్ జర్మనీ బాక్సర్‌ను ఓడగొట్టంగనే రెండో బౌట్‌ల టాప్ సీడ్ ఎదురొచ్చింది. ఫైనల్‌ల కలవాల్సిన మనుషులు ప్రీ క్వార్టర్స్‌ల కలిసిన్రు. బౌట్ అయినంక నిఖత్ ఏడ్చుకుంట చెప్పిన ముచ్చట మాకు ఇంకా గుర్తుంది. బరువు దిగనీకె రెండు రోజులు తిండి లేదు, నీళ్లు కూడ లేవు, తూకం అయినంకనే తాగింది, మళ్లీ కోలుకునే టైం దొరకలే అన్నది. ఇస్తాంబుల్‌ల ఆమె గెలిచింది 52 కేజీలల్ల. ఒలింపిక్స్‌ల 50 మాత్రమే ఉండె. ఆ రెండు కేజీలు మనకు రెండు బియ్యం ప్యాకెట్లు అనిపిస్తయి. ఎండిన ఒళ్లు మీంచి తీయాల్నంటే ప్రాణం మీదికొస్తది. రంజాన్‌ల రోజా ఉన్న మా క్లాస్‌మేట్‌ను అడిగితే తెలుస్తది, నీళ్లు లేకుంటే మధ్యాహ్నం మూడింటికి తల ఎట్ల తిరుగుతదో. ఆమె కనీసం ఎవరితోని కొట్లాడాల్సిన పని లేదు.

వచ్చే 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ల ఆడోళ్ల చిన్న బరువు 51 కేజీలు. ఒక్క కేజీనే ఎక్కువ, కానీ నిఖత్‌కు అది నయమే. కాకపోతే ఇంకో చిక్కు ఉన్నది. దీని గురించి మనోళ్లు ఎవరూ మాట్లాడుతలేరు. 48 కేజీలు ఒలింపిక్స్‌ల లేదు. అంటే ఇప్పుడు 48ల ప్రపంచ చాంపియన్ అయిన మీనాక్షి, 2023ల అదే 48ల ప్రపంచ చాంపియన్ అయిన నీతూ ఘంఘస్, ఒలింపిక్స్ కావాల్నంటే 51కి ఎక్కి రావాల్సిందే. నిఖత్‌కు అసలు పోటీ టర్కీల లేదు, చైనాల లేదు, రోహ్‌తక్, భివానీల ఉన్నది. ఆ మీనాక్షి కూడ పెద్దింటి పిల్ల కాదు, వాళ్ల నాయన ఆటో నడుపుతడు. మనం ‘మన అక్క’ అని నిఖత్ దిక్కు నిలబడితే, అటు దిక్కు నిలబడ్డది కూడ మన లాంటి ఇంటి పిల్లనే. ఈ ముచ్చట వచ్చినప్పుడు మా రూముల కొంచెంసేపు ఎవ్వరూ మాట్లాడలే.

ఇగ మేరీ కోమ్ సంగతికి వద్దాం. అసలు ఈ పోస్టు రాయాల్ననిపించింది అందుకే.

2019ల మేము తొమ్మిదో తరగతి. అప్పుడు ఇదే పంచాయితీ ఉల్టా నడిచింది. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ చాంపియన్, లండన్ ఒలింపిక్స్ కాంస్యం, ముగ్గురు కొడుకుల తల్లి అయినంక కూడ 2018ల ఢిల్లీల ఆరో టైటిల్ గెలిచిన మనిషి. మణిపూర్ కొండల కాంగథేయి ఊరు, కోమ్ తెగ, పోడు చేన్ల కూలి చేసుకునే ఇల్లు. హాస్టల్ల ఆమె మీద తీసిన సినిమా వేస్తే చప్పట్లు కొట్టి చేతులు ఎర్రగ చేసుకున్నోళ్లం మేము. ఆమె గెలిస్తే మనం గెలిచినట్టే ఉండేది. అట్లాంటి మనిషి మీదికి 23 ఏండ్ల నిఖత్ వచ్చింది. టోక్యో క్వాలిఫయర్స్‌కు ట్రయల్ లేకుండ మేరీ కోమ్‌ను పంపాల్నని ఫెడరేషన్ అనుకుంటున్నదని తెలిసి, అప్పటి క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు ఉత్తరం రాసింది. నాకు ప్రత్యేకంగ ఏమీ వద్దు, ట్రయల్ పెట్టండి చాలు అని దాని అర్థం. మేరీ కోమ్‌కు కోపం వచ్చింది, ఎవరీ నిఖత్ అన్నట్టు మాట్లాడింది. ఆ రోజులల్ల మేమూ అదే అన్నం. మన గిరిజన బిడ్డను దించనీకె వచ్చిందని నిఖత్‌ను తిట్టుకున్నం. రాయనీకె సిగ్గయితుంది, కానీ అన్నం.

2019 డిసెంబర్ 28న ఢిల్లీల ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. బౌట్ అయినంక చెయ్యి కలపలే. టీవీలల్ల ఆ చెయ్యి గురించే వారం రోజులు చూపిచ్చిన్రు.

ఆరేండ్ల తర్వాత చూస్తే మాకు రెండు సంగతులు కనిపిస్తున్నయి. ‘మేరీ కోమ్ పని అయిపోయింది’ అన్నోళ్లు ఆ నాటికి తప్పు. 9-1 అంటే మాటలు కాదు. ఆ తర్వాత ఆమె అమ్మాన్‌ల క్వాలిఫై అయింది, టోక్యోల ఒక బౌట్ గెలిచి, 38 ఏండ్లకు కొలంబియా ఇంగ్రిట్ వలెన్సియా మీద 2-3తో, ఒక్క జడ్జి తేడాతో ఓడింది. రెండో సంగతి, ట్రయల్ అడిగిన నిఖత్ కూడ తప్పు కాదు. ఆ ట్రయలే జరగకపోతే, మేరీ కోమ్ పేరు మీద పోయింది, ఆట మీద కాదు అని జనం ఇప్పటికీ అంటుండేటోళ్లు. చిన్నామె అడిగిన ట్రయలే పెద్దామె గౌరవం నిలబెట్టింది. ఈ మాట మా నలుగురిల పెద్దేముల్ పిల్లది. మేమైతే ఇంత తెలివిగ చెప్పలేకపోదుము.

ఇప్పుడు ఆ కుర్చీల నిఖత్ కూసున్నది. రేపు ఇంకో 22 ఏండ్ల పిల్ల ట్రయల్ అడుగుతది. అడగాలె. నిఖత్ కూడ ఇవ్వాలె, ఇస్తదనే మా నమ్మకం, ఆ ఉత్తరం రాసింది ఆమెనే కదా.

వాదనల ఇంకొకటి వచ్చింది, దాని మీద మాకు కోపం కూడ వచ్చింది. ‘డీఎస్పీ ఉద్యోగం వచ్చింది, సర్కార్ కోట్లు ఇచ్చింది, జాగ ఇచ్చింది, ఇంకా ఆకలి ఏడుంటది’ అని. 2024 సెప్టెంబర్ల నిఖత్ డీఎస్పీగ చేరింది నిజం. 2022ల ప్రభుత్వం 2 కోట్లు, హైదరాబాద్‌ల ఇంటి జాగ ప్రకటించింది నిజం. కానీ ఇంటిల పొయ్యి వెలిగితే కష్టపడుడు ఆపేస్తరు అనే మాట మనం ఎక్కడ విన్నం? స్కాలర్‌షిప్ వస్తది కదా మీకు, రిజర్వేషన్ ఉన్నది కదా మీకు, ఇంక చదివేదేముంది అని క్లాసుల పక్క బెంచోళ్లు అంటరు చూడండి. అదే మాట ఇది, బట్టలు మార్చుకోని వచ్చింది. మాకు తెల్సినంతల, ఫీజు కట్టనీకె పైసల్లేవని రాత్రంతా నిద్ర పట్టనోడి కంటే ఫీజు కట్టినోడే మంచిగ చదువుతడు. డీఎస్పీ అయినంకనే కదా 2025 నవంబర్ల గ్రేటర్ నోయిడాల ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌ల చైనీస్ తైపీ బాక్సర్ మీద 5-0తో బంగారం గెలిచింది.

బషీరాబాద్ పిల్ల ఆ బంగారం మీద కూడ, ‘ఫైనల్‌ల ఎదురుగ ఉన్నది బూసెనాజ్ కాదు కదా’ అన్నది. కాదు. అది మేము దాచిపెట్టం. ఆ ఒక్క పతకంతోని 2022 నాటి నిఖత్ తిరిగొచ్చింది అని మేము అంటలేము.

‘అయిపోయింది’ అనే మాట మా ఇండ్లల్ల రోజూ వినే మాట. మా ఇద్దరి నాయనలు తాండూరుల బండ పాలిషింగ్ కాడ పనిచేస్తరు. నాపరాయి కోసే మిషన్ కాడ రోజంతా నీళ్లు, దుమ్ము. 45 రాకముందే నడుము పోతది, దగ్గు వస్తది. మేస్త్రి వచ్చి ‘నీ పని అయిపోయింది, రేపటి సంది నీ కొడుకును పంపు’ అంటడు. పూణె, ముంబై పోయి సెంట్రింగ్ పని చేసినోళ్లను కూడ అంతే. అక్కడ ట్రయల్ ఉండదు. బండ లేపి చూపిస్త అంటే వినేటోడు ఉండడు. ఆడపిల్లలకైతే ఇంకా ముందే. 20 దాటంగనే ‘ఇంక ఎన్నేండ్లు చదువుతవు, టైం అయిపోతుంది’ అని యాడి ఏడుస్తది, యాడికి చుట్టాలు చెప్తరు. మా తాండల్ల 18 నిండక ముందే పెండ్లయి ఇద్దరు పిల్లల తల్లులైన మా దోస్తులు ఉన్నరు. మా లెక్క ప్రకారం నిఖత్‌కు 29, వాళ్ల లెక్క ప్రకారం మాకు 20 అంటే, ఇద్దరికీ ఒకటే తీర్పు చెప్తున్నరు.

మాలావత్ పూర్ణక్కను గుర్తు చేసుకోండి. ఆమెది కూడ నిజామాబాద్ జిల్లానే, పాకాల తాండ, మన గురుకులం పిల్ల. 2014 మే 25న 13 ఏండ్లకు ఎవరెస్ట్ ఎక్కింది. శిఖరం అంటే అదే కదా, నిజంగనే శిఖరం. ఈ ‘అయిపోయింది’ లెక్కల ప్రకారం 13 ఏండ్లకే ఆమె పని అయిపోయినట్టు. ఆమె మాత్రం ఒక్కొక్క ఖండం ఎక్కుకుంట పోయి 2022ల ఏడు ఖండాల ఏడు శిఖరాలు పూర్తి చేసింది.

అట్లని ‘ఎప్పటికీ అయిపోదు’ అని కూడ మేము అంటలేము. అది అబద్ధం. మహమ్మద్ అలీ 1974ల కిన్షాసాల జార్జ్ ఫోర్‌మన్‌ను పడగొట్టినప్పుడు 32 ఏండ్లు, అందరూ అలీ చచ్చిపోతడేమో అనుకున్నరు. గెలిచిండు. అదే అలీ 1980ల 38 ఏండ్లకు లారీ హోమ్స్ ముందర నిలబడి దెబ్బలు తినుడు తప్ప ఏం చెయ్యలేకపోయిండు, పది రౌండ్లు అయినంక అతని మూలనున్నోళ్లే ఆపేసిన్రు. ఆ వీడియో చూస్తే మాకు కడుపుల తిప్పింది, సగంల ఆపేసినం. 32ల అలీని ‘అయిపోయిండు’ అన్నోళ్లు, 38ల అలీని ‘ఇంకొకటి ఆడు’ అని పైసలిచ్చినోళ్లు, ఇద్దరూ అతని ఒళ్లు ఏం చెప్తుందో వినలే. లాస్ ఏంజెలెస్ నాటికి నిఖత్‌కు కూడ 32 ఏండ్లు ఉంటయి. అది కిన్షాసా అవుతదా కాదా మాకెట్ల తెలుస్తది.

మా తీర్పు అడిగితే, ముగ్గురం ఇట్ల అంటున్నం. 2022 నాటి కాళ్లు ఇప్పుడు లేవు. అప్పుడు దూరం నుంచే కొట్టి తప్పుకునేది, ఇప్పుడు దగ్గర చిక్కుకుంటున్నది, పట్టుకుంటున్నది ఎక్కువైంది, లివర్‌పూల్ బౌట్ చూస్తే మాకు అట్లనే అనిపించింది. కానీ 51 కేజీలల్ల ఆమెను ట్రయల్‌ల ఓడగొట్టేదాక ఆ చోటు ఆమెదే, ఓడగొట్టిన రోజు ఓడగొట్టినామెది. బషీరాబాద్ పిల్ల మాత్రం ఒప్పుకోలే. ఆమె మాట ఆమెదే, అట్లనే రాయమన్నది. ‘2028ల నిఖత్ టీమ్‌ల ఉంటే నలుగురికి నేనే బిర్యానీ తినిపిస్త’ అని పందెం కట్టింది. గ్రూపుల అందరూ సాక్షులు.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తం. మా పక్క రూముల ఒక అక్క ఉన్నది, కబడ్డీల రైడర్. పోయిన ఏడాది మోకాలు లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయినంక ఆట నేర్పించే సార్ ఒకాయన ‘నీ ఆట అయిపోయింది, పీజీ అప్లై చేస్కో’ అన్నడట. ఇంట్ల సంబంధం చూస్తున్నరు. ఆమెకు 21 ఏండ్లు. 2017ల నిఖత్ భుజం జారి, ఆపరేషన్ అయి, ఏడాది దాక రింగు ఎక్కలేకపోయిందని, 2018ల బెల్‌గ్రేడ్‌ల బంగారంతోని తిరిగొచ్చిందని మేము ఆమెకు చెప్తే, ‘ఆమెకు ఫిజియో ఉన్నడు, నాకు జండూబామ్ ఉన్నది’ అని నవ్వింది. ఆ మాటకు మేమేం చెప్పలేకపోయినం. భుజం వేరు మోకాలు వేరు అని కూడ తెల్సు.

కానీ పోయిన నెల సంది ఆమె పొద్దున ఐదున్నరకు లేచి గ్రౌండ్‌కు పోతున్నది. ముందు నడుస్తది, తర్వాత మెల్లగ ఉరుకుతది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు 800 మీటర్లు ప్రాక్టీస్ చేస్తున్న చెల్లెండ్లు వికారాబాద్‌ల ఎవరన్న ఉంటే కింద కామెంట్ పెట్టండి, పొద్దున చీకట్ల ఒక్కతే పోవుడు మాకు భయమైతుంది. మేము నలుగురం వంతులేసుకుంటున్నం గని, బషీరాబాద్ పిల్ల ఒక్కరోజు కూడ టైంకు లేస్తలేదు. మోకాలు మీద తెల్సిన ఫిజియోథెరపీ అన్నలు ఎవరన్న హైదరాబాద్‌ల ఉంటే, ఫోన్‌ల రెండు నిమిషాలు మాట్లాడితే చాలు, ఇన్‌బాక్స్ చెయ్యండి.